వేళ్ళ మేస్త్రి, వణికే కారు

టంగ్.

ఆ ఇంటి పై గదిలో అద్దెకు దిగిన మొదటి ఉదయం, సామాన్లు ఇంకా మూటల్లో ఉండగానే, నేలలోంచి, మంచం కోళ్ళలోంచి ఆ మోత నా నిద్రలోకి ఎక్కి వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. మోగిన గంట గాలిలో వదిలే సన్నటి గీత పూర్తిగా చెరిగిపోయేదాకా ఎవరో ఓపిగ్గా ఆగారు. మళ్ళీ టంగ్. పక్కన బడి ఉంది కాబోలు అనుకుని పిల్లల అరుపుల కోసం చెవులు రిక్కించాను. పిల్లలు రాలేదు. పెట్రోలు వాసన వచ్చింది.

మెట్లు దిగితే షెడ్డు. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి ఎండ లోపలికి పాక్కుంటూ వెళ్ళి నూనె మరకల దగ్గర ఆగిపోయింది. పైకప్పు దూలానికి కట్టిన తీగకు ఇనుప పళ్ళెం ఒకటి వేలాడుతోంది. అన్నం తినే కంచం కంటే వెడల్పు, మధ్యలో బోలు. దాని ముందు తెల్ల మీసాల పెద్దాయన, చేతిలో చిన్న సుత్తితో, తల ఒక పక్కకు వాల్చి నిలబడి ఉన్నాడు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళ గొంతు ఫోనులో వింటున్నట్టు.

"బడి గంట కాదు," అన్నాడు నా మొహం చూసి. పై గదిలో చేరిన ప్రతివాళ్ళూ మొదటి రోజు అలాగే దిగి వస్తారట. "కారు చక్రం వెనక ఉండే డిస్కు. నువ్వు బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు వచ్చి దీన్ని చెరో పక్కా పట్టుకుంటాయి. బండి ఆగుతుంది. పగులుంటే బొంగురుగా మోగుతుంది. ఇది బాగానే పాడుతోంది."

"మరి తీసేశారెందుకు?"

"పాట బాగుంది. నడకే బాగాలేదు."

వీధిలో ఆయన్ని వేళ్ళ మేస్త్రి అంటారు. బ్రేకుల పని తప్ప ఇంకోటి ముట్టుకోడు. ఇంజను చూడమని ఎవరైనా వస్తే చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు. బండిని కదిలించేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, ఆపేవాడు ఒక్కడన్నా ఉండాలిగా అంటాడు. కుర్రతనంలో బస్సుల డిపోలో చక్రాలు కడిగే పనికి చేరాడు. అక్కడ కాలు ఈడ్చుకుంటూ నడిచే పెద్ద మేస్త్రి ఒకాయన, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఈయన కళ్ళకు గుడ్డ కట్టి, తెల్ల కాగితం కింద ఒక వెంట్రుక పెట్టి, అదెక్కడుందో వేలితో చూపించమనేవాడట. దొరికిన రోజున రెండో కాగితం కప్పేవాడట. ఆ చదువు పెళ్ళయ్యాక కూడా సాగింది.

"నా జడ సగం ఈయన చదువుకే పోయింది," అని ఆయన భార్య నాతో చెప్పింది, కిటికీలోంచే.

షెడ్డుకూ ఇంటి ముందు గదికీ మధ్య ఊచలు లేని కిటికీ ఉంది. ఇటు ఆయన, అటు ఆవిడ కుట్టు మిషను. పొట్టివైన బట్టలు పొడుగు చెయ్యడం, లావైనవాళ్ళ బట్టలు వదులు చెయ్యడం ఆవిడ పని. ఇటు సుత్తి ఆగితే అటు మిషను ఆగుతుంది. "ఏమైంది?" అని ఆవిడ, "ఏం కాలేదు" అని ఈయన, మళ్ళీ రెండు చప్పుళ్ళూ పక్కపక్కన నడుస్తాయి. కొన్నాళ్ళకు నేను వాళ్ళని బాబాయ్, పిన్ని అనడం మొదలుపెట్టాను. ఎవరూ అనమనలేదు, ఎవరూ వద్దనలేదు.

బాబాయ్ పని చేసేటప్పుడు చూడాలి. పాత డిస్కు ఊడదీశాక దాని వెనక ఉండే గుండ్రటి ఇనుప ముఖాన్ని హబ్ అంటారు. కొత్త డిస్కు కూర్చునేది దాని మీదే. అక్కడ తుప్పు రేణువంత మిగిలినా డిస్కు కనిపించనంత వాలుతుంది. వాలిన డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌ని రాసుకుంటుంది. కొన్ని వారాలకు ఆ చోటు అరిగి పలచబడుతుంది, అప్పుడు వణుకు మొదలవుతుంది. అందుకని తీగల బ్రష్షుతో హబ్‌ను తోమి, ఆయన కళ్ళు మూసుకుని, ఉంగరం వేలితో దాని చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చేవాడు. చూపుడు వేలు కాదు, ఉంగరం వేలే.

"మిగతా వేళ్ళన్నీ కష్టపడి మొద్దుబారాయి," అన్నాడు ఒకసారి. "ఇదొక్కటే సోమరిపోతు. ఏ పనీ చెయ్యని అల్లుడికి ఇంట్లో సంగతులన్నీ తెలిసినట్టు, దీనికే అన్నీ తెలుస్తాయి."

ఇదంతా కొలవడానికి ఒక పరికరం ఉంది. డయల్ గేజ్. గడియారంలాంటి బిళ్ళ, దానికో ముల్లు. డిస్కు వెంట్రుకవాసి వాలినా ముల్లు చెబుతుంది. బాబాయ్ బావమరిది, అంటే పిన్ని తమ్ముడు, స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాడు. ఎప్పుడో ముచ్చటపడి ఒక గేజ్ తెచ్చి ఇచ్చాడు. దాని పెట్టె బల్ల మీద ఉండేది, తెరవకుండా. టీ గ్లాసు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది. పెట్టె మూత నిండా గ్లాసు అడుగుల గుండ్రటి మరకలు ఒకదాని మీద ఒకటి పడి, వాన మొదలైన చెరువులా ఉండేది.

"వాడు గుడ్డివాడికిచ్చే కర్ర తెచ్చి నాకిచ్చాడు," అనేవాడు బాబాయ్.

*

ఇక ఆ బూడిదరంగు కారు. వేగం కోసమే పుట్టిన బండి. నేలకు ఆనినంత తక్కువ ఎత్తు, వెడల్పాటి చక్రాలు, వాటి ఊచల మధ్య నుంచి కనిపించే పసుపురంగు కాలిపర్లు. ప్యాడ్లను బిగించి పట్టుకునే ఇనుప పిడికిళ్ళవి. అది వీధి మలుపు తిరుగుతుంటే మెట్ల మీద కూర్చున్నవాళ్ళు మాట ఆపేసేవాళ్ళు. కారుగలాయన వెనక వీధి పళ్ళ డాక్టరు. రోజంతా ఇంకొకళ్ళ నోళ్ళలోకి చూసే మనిషి, ఆయన నోరు తెరిచి నవ్వేది ఆ కారులో కూర్చున్నప్పుడే.

మొదటిసారి ఆయన వచ్చినప్పుడు నవ్వుతూనే ఉన్నాడు. "నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు నన్ను చూసి వణుకుతారు మేస్త్రీ, అది నాకు అలవాటే. స్టీరింగు కూడా వణికితే ఎలా?" అన్నాడు. వేగంలో బ్రేకు తొక్కితే ఆ వణుకు చేతుల్లోంచి భుజాల్లోకి, అక్కడి నుంచి దవడల్లోకి వస్తోందట. బాబాయ్ ముందు చక్రాల డిస్కులు, ప్యాడ్లు మార్చాడు. కొన్ని వారాలు కారు నీళ్ళ మీద పడవలా వెళ్ళింది. తర్వాత మళ్ళీ వణుకు.

అప్పుడు బాబాయ్ బావమరిది మీద ఒంటికాలి మీద లేచాడు. డిస్కులు వాడి కొట్లోవి. "ఇనుమమ్ముతున్నావా, రేకు డబ్బాలమ్ముతున్నావా?" అన్నాడు షెడ్డు నడిమధ్య, నలుగురి ఎదుట. బావమరిది నోరు మెదపలేదు. మర్నాడు ఇంకో జత పంపించాడు, తను మాత్రం రాలేదు. ఆ తర్వాత ఆదివారం భోజనానికి రావడం కూడా మానేశాడు. అటు పక్క పిన్ని మిషను కొన్నాళ్ళు చాలా గట్టిగా నడిచింది.

రెండో జత వేశాక కూడా కారు తిరిగి వచ్చింది. ఈసారి డాక్టరు గారు నవ్వలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ అన్నాడు.

"మేస్త్రీ, మా ఇంటావిడ ఈ కారెక్కనంటోంది."

బాబాయ్ తాళాలకేసి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారిలో వెళుతున్నవాడు తన ఇల్లు ఏదో మరిచిపోతే ఎలా చూస్తాడో అలా ఉంది.

"ఇంకోసారి చేస్తాను," అన్నాడు. "మళ్ళీ ఇదే వణుకుతో ఈ బండి నా గుమ్మానికి వస్తే షట్టరు దించేస్తాను. ఇక ఎత్తను."

"అంత మాటెందుకండీ?"

"బ్రేకుల పనివాడికి అంత మాటే ఉంటుంది డాక్టరు గారూ. వాడి తప్పు వాడింట్లో పడుండదు. ఎవరో ఒకళ్ళని ఎక్కించుకుని రోడ్డు మీదకు పోతుంది."

అటు పక్క మిషను ఆగింది. ఈసారి "ఏమైంది?" అని పిన్ని అడగలేదు.

*

అసలు సంగతి నేను అనుకోకుండా చూశాను. మర్నాడు మధ్యాహ్నం నీళ్ళ బిందె కోసం కిందికి దిగాను. షెడ్డులో ఆయన ఒక్కడే బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద తెల్ల కాగితం. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఉంగరం వేలు కాగితం మీద మెల్లగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు, మళ్ళీ వెనక్కు, చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నట్టు తిరుగుతోంది. ఒకచోట ఆగి నొక్కాడు. కళ్ళు తెరిచి కాగితం ఎత్తాడు. అక్కడేమీ లేదు. కాగితం కింద ఆ చివరన, వేలికి జానెడు దూరంలో, పిన్ని తెల్ల వెంట్రుక ఒకటి వంపు తిరిగి పడుంది.

మళ్ళీ కప్పాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఒకటే కాగితం. రెండు కూడా కాదు.

నేను బిందె తీసుకోకుండానే వెనక్కు తిరిగాను. గుమ్మంలో పిన్ని టీ గ్లాసుతో నిలబడి ఉంది. చీర కొంగు మడిచి గ్లాసు చుట్టూ పట్టుకుంది, వేడికి. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. తర్వాత గాజులు గలగలమనేలా నడిచి, కావాలనే గొంతు సవరించుకుని, లోపలికి వెళ్ళింది. ఆయన చప్పున కాగితం మడతపెట్టాడు. పొగలు కక్కే స్టీలు గ్లాసును ఉత్త చేత్తో అందుకుని, నిండా అరచెయ్యి ఆనించి పట్టుకుని, "ఇవాళ ఎండ బాగా కాస్తోంది కదూ," అన్నాడు.

పిన్ని ఆ చేతికేసి చూసింది. "కాస్తోంది," అంది.

*

మూడోసారి పని ఆదివారం ఉదయం పెట్టుకున్నాడు. షట్టరు పూర్తిగా ఎత్తాడు, దాచడానికేమీ లేదన్నట్టు. కారు ముందు భాగం ఇనుప స్టాండ్ల మీదకు లేచింది. చక్రాలు ఊడి గోడకు చేరగిలబడ్డాయి. కాలిపర్ విప్పి, దాని రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా చక్రం వెనకుండే స్ప్రింగుకు తీగతో కట్టాడు. ఊయలలో పిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా. పాత డిస్కు తుప్పుతో అతుక్కుపోయి రానంది. చుట్టూ సుత్తితో తడుతూ తడుతూ దాన్ని ఒప్పించి చేతుల్లోకి తీసుకున్నాడు. దాని మెరుపులో నీలం, గోధుమరంగు నీడలున్నాయి. కాలి కాలి చల్లారిన ఇనుము రంగులు.

నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. పిన్ని టార్చి పట్టుకుంది. అది ఎప్పుడూ ఆవిడ పనే. పెడల్ తొక్కడమూ ఆవిడ పనే, చివరన మొదటిసారి నడిపేటప్పుడు పక్క సీటులో కూర్చోవడమూ ఆవిడ పనే. బిగించినవాడే మొదట నడపాలి, వాడి మనిషే పక్కన కూర్చోవాలి. డిపోలో ఆ కాలీడ్చే మేస్త్రి పెట్టిన నియమమట అది.

బాబాయ్ హబ్ తోమాడు. తుప్పు ఎర్రటి పొడిగా రాలింది. తోమి, తుడిచి, కళ్ళు మూసుకుని, ఉంగరం వేలితో ఒక చుట్టు తిరిగాడు.

"అద్దంలా ఉంది," అన్నాడు.

"ఓసారి నన్ను చూడనివ్వండి," అంది పిన్ని.

"నువ్వు చూసేదేంటి? కుట్టు విప్పి చూస్తావా?"

 ఆవిడ నన్ను పిలిచి, టార్చి నాకిచ్చి, వంగి, బొటనవేలూ చూపుడువేలూ హబ్ మీద పెట్టింది. బట్ట కొనేముందు తిరగేసి వెనక వైపు తడిమి చూసేవాళ్ళ చెయ్యి అది. నట్లు బిగించే బోల్టుల్లో ఒకదాని మొదట్లో ఆ వేళ్ళు ఆగాయి. కొంచెం ముందుకు వెళ్ళాయి. వెనక్కు వచ్చి మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఇక్కడ ముడి ఉంది."

"ఇనుములో ముడులుండవే."

"ఉంది. దారం కొసంత. ఈ మేకు చుట్టూ ఉంగరంలా ఉంది."

"మేకు కాదు, బోల్టు."

"ఏదో ఒకటి. దాని చుట్టూ ఉంది."

"నేనిప్పుడేగా చూశాను!"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఉంగరం వేలు ఒక్కటే బయటకు తీసి, పలక మీద పిల్లాడి చేత దిద్దించినట్టు, బోల్టు మొదట్లో పెట్టి మెల్లగా తిప్పింది.

"ఇక్కడ. తెలుస్తోందా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు?"

రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ బెల్లు దూరమై వినపడకుండా పోయేదాకా ఆయన వేలు అక్కడే తిరిగింది.

"నాకేమీ తెలియట్లేదు," అన్నాడు.

 చెయ్యి మాత్రం ఆవిడ చేతిలోంచి తీసుకోలేదు.

"నీకు ముందే తెలుసు," అన్నాడు.

"కాలే గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతుంటే తెలియదా? మొదట్లో నేనే టీ చల్లార్చి తెస్తున్నానేమో అనుకున్నాను. ఒకరోజు మీరు గ్లాసు కింద పెట్టాక నేను ముట్టుకుంటే నా వేలు కాలింది."

"అడగొచ్చుగా."

"మీరు చెప్పొచ్చుగా."

ఆయన వెళ్ళి పీట మీద కూలబడ్డాడు. ఎండ ఆయన చెప్పుల దాకా వచ్చి ఆగింది. రెండుసార్లు ఆ తుప్పు ఉంగరం మీదే కొత్త డిస్కు బిగించాడు. రెండుసార్లు డిస్కుని తిట్టాడు, డిస్కునిచ్చినవాణ్ణి తిట్టాడు. ఇదంతా ఆయన తలలో ఒకదాని వెనక ఒకటి నడిచిపోతుంటే మొహంలో కనిపిస్తోంది.

"అయితే షట్టరు దించేద్దాం," అన్నాడు.

"దించుదాం," అంది పిన్ని. "ముందు ఆ కారుని దాని కాళ్ళ మీద నిలబెట్టండి. డాక్టరు గారి బండిని గాల్లో వేలాడదీసి మీరు ఇంట్లో కూర్చుంటారా?"

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. లేచి బల్ల దగ్గరకు వెళ్ళాడు. గేజ్ పెట్టె మీది టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. మూత తెరిచాడు. లోపల ముల్లూ బిళ్ళా ఇంకా కొత్త నూనె వాసన వేస్తున్నాయి. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఫోను తీశాడు. ఎంతసేపటికీ బావమరిది పేరు మీద నొక్కలేకపోయాడు. పిన్ని ఆ ఫోను లాక్కుని నొక్కి, ఆయన చెవికి ఆనించింది.

"నేనే," అన్నాడు బాబాయ్. "ఆ... అన్నం తిన్నావా?... ఇంకా పొద్దున్నేలే, అవును... నువ్విచ్చిన గడియారముందే, దాన్ని ఎలా బిగించాలి?"

*

బావమరిది వచ్చాడు. అడక్కుండానే కొత్త డిస్కుల అట్టపెట్టె, ప్యాడ్లు చంకలో పెట్టుకుని వచ్చాడు. సంగతి పిన్ని గుమ్మంలోనే రెండు ముక్కల్లో చెప్పేసింది. లోపలికి వచ్చి బావకేసి చూడకుండా హబ్‌కేసి చూశాడు.

ఇద్దరూ ఒంగి పని చేశారు. బోల్టుల మొదళ్ళలోకి వెళ్ళే సన్నటి బ్రష్షు తెచ్చాడు బావమరిది. పిన్ని వేళ్ళతో తడిమి "ఇంకా ఉంది" అనేది, వాళ్ళు తోమేవాళ్ళు. "ఇంకా." "ఇప్పుడు లేదు." కొత్త డిస్కు మీది జిడ్డంతా తుడిచి, కూర్చోబెట్టి, నట్లు ఎదురెదురుగా బిగించి, గేజ్ ముల్లు దాని మీద ఆనించారు. బాబాయ్ డిస్కుని చేత్తో తిప్పాడు. ముల్లు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. ఊపిరి బిగబట్టింది ముల్లో మేమో తెలియలేదు.

రెండో చక్రం డిస్కుని తిప్పుతూ బాబాయ్ అన్నాడు, దానితో అంటున్నట్టు.

"నీ డిస్కులు మంచివేరా."

"నాకు తెలుసు బావా."

"తెలిస్తే ఆరోజే చెప్పొచ్చుగా."

"నువ్వు డిస్కు మాట వింటావు, సుత్తితో కొట్టి మరీ వింటావు. మనిషి మాట ఎప్పుడు విన్నావు?"

"నిన్ను కూడా ఒకటి కొట్టి వినాల్సింది," అన్నాడు బాబాయ్. అని, డిస్కుని ఇంకో చుట్టు తిప్పి, "నలుగురిలో అన్నాను. తప్పు," అన్నాడు. బావమరిది స్పానర్ ఏరుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు.

డాక్టరు గారు సాయంత్రం ఎండ తగ్గుతుండగా వచ్చాడు. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. బాబాయ్ తాళాలివ్వలేదు. ముందు చెప్పాల్సింది చెప్పాడు. నీళ్ళు నమలకుండా, చేతులు వెనక కట్టుకోకుండా, రెండు చేతులూ ముందుకు చాపి చెప్పాడు. డిస్కులు మంచివే. ఈ వేళ్ళే పోయాయి. ఆ సంగతి నేనే కడుపులో దాచుకున్నాను, అన్నాడు.

డాక్టరు ఆ చేతులు పట్టుకున్నాడు. "కళ్ళు మూసుకోండి," అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి మూత కొసతో ఉంగరం వేలి చివర తాకాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడేంటి?"

డాక్టరు కింద గణుపు దగ్గర తాకాడు.

"ఆ. ఇప్పుడు ఏదో ఉంది."

"షుగరుందా మేస్త్రీ?"

"ఉంది," అంది పిన్ని కిటికీలోంచి. "మాటల్లో తప్ప ఒళ్ళంతా ఉంది."

నరాల డాక్టరు దగ్గరకు వెంటనే వెళ్ళాలని, పోయిందంతా తిరిగి రాకపోయినా ఉన్నది నిలుపుకోవచ్చని చెప్పి, ఆయన చేతులు వదిలేశాడు. వదిలేశాక తన చేతుల్ని తనే చూసుకున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"మీరే చెప్పండి," అన్నాడు బాబాయ్. "వేళ్ళు తెలియనివాడు బిగించిన బ్రేకు మీద మీ ఇంటావిణ్ణి కూర్చోబెడతారా?"

"నేను నోట్లోకి చూడాలంటే చిన్న అద్దం పెట్టుకుంటాను మేస్త్రీ. కళ్ళు లేక కాదు, కళ్ళు అక్కడిదాకా వెళ్ళవు గనక." డాక్టరు కారు కప్పు మీద అరచెయ్యి ఆనించాడు. "మొదట మీరే నడపాలి కదా, మీ నియమం. పక్కన ఆవిడ కూర్చోవాలి. ఆవిడ కూర్చుంటే నేనూ కూర్చుంటాను."

అందరం కిటికీకేసి చూశాం. బాబాయ్ ఒక్కడే చూడలేదు. తల వంచుకుని, బొటనవేలితో ఉంగరం వేలి చివర రుద్దుకుంటున్నాడు. ఆ రుద్దడం కూడా ఆయనకు సగమే తెలుస్తూ ఉంటుందని నాకు అప్పుడు తట్టింది.

పిన్ని దారం కొరికి, సూది జాకెట్టు అంచుకు గుచ్చుకుని, లేచింది.

"చెప్పులు వేసుకోనివ్వండి," అంది.

*

వెనక సీటులో నేనూ డాక్టరు గారూ, మోకాళ్ళు గడ్డాలకు తగులుతూ. తన కారులో వెనక కూర్చోవడం ఆయనకు అదే మొదలట. పొలిమేర దాటాక ఖాళీ రోడ్డు. సాయంకాలం రోడ్డు మీద పసుపు పరుచుకుని ఉంది. బాబాయ్ వేగం పెంచాడు, బ్రేకు మెల్లగా ఒత్తాడు, ఆగకుండానే వదిలేశాడు. మళ్ళీ వేగం, మళ్ళీ ఒత్తడం.

"పూర్తిగా ఆపరా?" అడిగాను.

"కొత్త ప్యాడ్‌కీ కొత్త డిస్కుకీ ఇంకా పరిచయం కాలేదు. వేడి మీదున్నప్పుడు ఆపి తొక్కి పట్టావంటే, ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడిపోతుంది. మెల్లమెల్లగా అలవాటు చెయ్యాలి."

"పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను తిప్పిన షికార్లన్నీ ఇవే," అంది పిన్ని వెనక్కు తిరిగి. "అన్నీ ఎవరివో కార్లు. ఎక్కడికీ వెళ్ళం. ఆపడానికని బయల్దేరతాం, ఆగకుండా తిరిగొస్తాం."

ఆవిడ అరచెయ్యి మాత్రం ముందున్న డాష్‌బోర్డు మీద పరిచి ఉంది. ఆయన బ్రేకు ఒత్తిన ప్రతిసారీ ఆయన చూపు రోడ్డు మీద నుంచి ఒక్క క్షణం ఆ చేతి మీదకు వెళ్ళి వచ్చేది.  చివరిసారి బాగా వేగంలో గట్టిగా ఒత్తాడు. మా అందరి తలలూ ముందుకు వంగాయి, కారు ముక్కు నేలకు దించింది. స్టీరింగు నిశ్చలంగా ఉంది, రాత్రంతా గాలి లేని చెరువులా.

"లేదు," అంది పిన్ని. "వణుకు లేదు."

తిరిగి వచ్చే దారంతా ఆయన బ్రేకు ముట్టుకోకుండా, గాలికి చల్లారనిస్తూ, నెమ్మదిగా నడిపాడు.

అసలు పరీక్ష ఆ రోజుది కాదని అందరికీ తెలుసు. వణుకు వచ్చేది వారాల తర్వాత. ఆ వారాలన్నీ షట్టరు సగమే లేచింది. చిన్న చిన్న పనులు తప్ప ఆయన ఒప్పుకోలేదు. వీధి మలుపులో ఇంజను చప్పుడు వినిపించినప్పుడల్లా సుత్తి ఆగేది. వానలు వచ్చి వెళ్ళాయి. పై గది కిటికీలోంచి నేను కూడా ఆ బూడిదరంగు కోసం చూసేవాణ్ణి.

చలి మొదలయ్యాక ఒక పొద్దున అది వచ్చింది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. డాక్టరు గారు దిగలేదు. అవతలి తలుపు తెరుచుకుంది. ఆయన భార్య దిగింది, చేతిలో పొట్టి చెయ్యాల్సిన పరదాలు. నేరుగా పిన్ని గదిలోకి నడిచింది. డాక్టరు గారు అద్దం దించి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం షట్టరు పైదాకా లేచిన చప్పుడు నా గదిలోకి వినిపించింది.

ఇప్పుడక్కడ పని తీరు మారింది. ఆయన విని చెబుతాడు, తోముతాడు, బిగిస్తాడు. హబ్ తడిమేది పిన్ని. ఆఖరి మాట గేజ్ ముల్లుది. వచ్చిన ప్రతివాడికీ ముందే చెప్పేస్తాడు, చెవులు నావి, వేళ్ళు ఆవిడవి, ఇష్టమైతేనే బండి వదిలి వెళ్ళు అని. వెళ్ళిపోయినవాళ్ళు కొందరున్నారు. వీధి మాత్రం పాత పేరు మార్చలేదు. ఆదివారాలు బావమరిది భోజనానికి వస్తాడు. టీ గ్లాసు పెట్టడానికి వేరే పీట కొన్నారు.

నేను ఆ గది ఖాళీ చేసిన రోజు సామాన్లు రిక్షాలో ఎక్కించి, చెప్పి వెళదామని షెడ్డులోకి వెళ్ళాను. దూలానికి కొత్త డిస్కు ఒకటి వేలాడుతోంది. ఆయన ఒకసారి తట్టాడు, నా కోసమే అన్నట్టు. టంగ్. ఆ గీత చెరిగిపోయేదాకా ఇద్దరం విన్నాం. పిన్ని కిటికీలోంచి రెండు గ్లాసులు మా మధ్య పీట మీద పెట్టింది. పొగలు తిన్నగా లేస్తున్నాయి. ఆయన చెయ్యి అలవాటుగా గ్లాసు దాకా వెళ్ళి, తాకకుండా, గాలిలోనే ఆగింది. తర్వాత నాకేసి చూశాడు, ఏ సిగ్గూ లేకుండా.

"ముందు నువ్వు ముట్టుకుని చెప్పు," అన్నాడు. "తాగొచ్చా, ఇంకాసేపు ఆగాలా?"